కుడివైపు కుట్లు

లౌడ్‌స్పీకర్ పెట్టెను ముందు నుంచి చూసేవాడికి ఏమీ తెలియదని లాల్ బాషా మేస్త్రీ నమ్మకం. ఏలూరు పడమర వీధిలో ఆయన వసారాలోకి ఎవరు పెట్టె తెచ్చి దించినా, ముందు దాన్ని పట్టుకుని మొహం గోడవైపుకి తిప్పేసేవాడు. తెచ్చినవాడు గిలగిల్లాడేవాడు. అదేమిటండీ, పాలిష్ అంతా అటే ఉంది కదా అనేవాడు. పాలిష్‌దేముంది? పుచ్చిన చెక్కకైనా ఓపిగ్గా పది పూతలు లక్క పట్టిస్తే అందులో మొహం చూసుకోవచ్చు. ఎవరూ చూడరని వదిలేసిన చోట వడ్రంగి ఏం చేశాడన్నదే మేస్త్రీకి కావాలి.

అందుకని ముందు వీపు చూసేవాడు. వెనక చెక్క విప్పి, లోపలి అంచుకి ఉప్పు కాగితం పట్టించాడా లేదా అని వేలితో రాసి చూసేవాడు. తరవాత అడుగు. తరవాత మూలలు, గోరు దూరుతుందేమోనని. ఆపైన వేలి కణుపుతో నాలుగు మూలలా నాలుగు దెబ్బలు కొట్టేవాడు. నాలుగూ ఒక్కలా పలకాలి. పాట పెట్టి, అరచెయ్యి ఆనించి, చెక్క వణుకుతోందా అని చూసేవాడు. చిట్టచివర, ఇక చూడటానికి ఏమీ మిగలనప్పుడు, పెట్టెను ముందుకు తిప్పి నునుపూ నిగనిగా చూసేవాడు. అన్నీ సరిపడితే బొటనవేలు లక్కలో అద్ది, వెనక చెక్క లోపలివైపు ముద్ర వేసేవాడు. ఆ ముద్ర ఉంటే తాడేపల్లిగూడెంలో కోదండరామయ్యగారి రేడియో కొట్లోకి వెళ్ళేది పెట్టె, లేకపోతే వచ్చిన దారినే వడ్రంగి ఇంటికి పోయేది.

ఒకసారి పెంటపాడు వడ్రంగి ఒకాయన అద్దంలాంటి పెట్టె తెచ్చాడు. మేస్త్రీ అడుగున గోటితో గీరితే మైనమూ రంపపు పొట్టూ కలిపి పూడ్చిన బెజ్జం బయటపడింది. ఆయన ఏమీ అనకుండా వడ్రంగిని కూర్చోబెట్టి అన్నం తినిపించాడు. చెయ్యి కడుక్కున్నాక అరగంటసేపు తిట్టాడు. ఆకలి మీద ఉన్నవాణ్ణి తిట్టకూడదట, అదీ ఆయన పద్ధతి.

ఇంతకీ ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. నాలుగు దెబ్బలూ ఒక్కలా పలికాయో లేదో చెప్పిన చెవి ఆయనది కాదు. ఆయన భార్య జైనబ్‌ది.

జైనబ్ తివాచీలు నేసే ఇంటి పిల్ల. పరాయివాళ్ళ ఎదట పడేది కాదు. వసారాకీ లోపలి గదికీ మధ్య ఒక తెర, ఆ తెర వెనక ఆవిడ. పెట్టె తెచ్చినవాడు వెళ్ళాక ఈయన ఇవతల టకటకా నాలుగు దెబ్బలు కొడితే, అవతల నుంచి "మూడోది ఇంకోసారి" అని వినబడేది. మళ్ళీ కొట్టేవాడు. మూడో మూలలో నిజంగానే ఏదో ఉండేది, విడిన జిగురో, లోపల చీలిన చెక్కో. గ్రామఫోను పెట్టెల కాలం నుంచీ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదు ఆ చెవి. పైగా పెట్టె ముందుభాగంలో మోగే కాగితపు గరాటు కనబడకుండా అడ్డం కట్టే గుడ్డ కూడా ఆవిడే కుట్టేది. పేము బద్దల చట్రానికి గుడ్డను బిగలాగి, ఒక్కో వైపు నలభై రెండు కుట్లు. నలభై ఒకటి కాదు, నలభై మూడు కాదు. తివాచీ ముళ్ళు వేసిన వేళ్ళకి అదొక లెక్కా?

పోయిన ఏడు వానలకు ముందు జైనబ్‌కి జ్వరం పట్టుకుంది. నెల దాటినా వదల్లేదు. ఉండి ఊరికి అవతల కొల్లేటి అంచునున్న రాజుల ఇంటికి ఒక పెట్టె కావాలని కోదండరామయ్య తొందరపెడుతున్నాడు. వద్దన్నా వినకుండా మంచంలో కూర్చుని ఆవిడే గుడ్డ కుట్టింది. నేరేడుపండు రంగు గుడ్డ. పైనా, కిందా, ఎడమా ఎప్పటిలాగే వచ్చాయి. కుడివైపుకి వచ్చేసరికి చెయ్యి వణికింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య వేలు పట్టేంత జాగా. చట్రం చేతికిచ్చి, బావుందా అని అడిగింది. మేస్త్రీ చూశాడు. బావుంది అన్నాడు.

ఆవిడ ఊరుకుంటేగా! బిగించి కొట్టండి, వింటాను అంది. మేస్త్రీ చట్రం పెట్టెకు బిగించి మూడు మూలలా కొట్టాడు. నాలుగోది కుడివైపు కింది మూలలో కొట్టాల్సింది. ఆ దెబ్బ ఎడమవైపే ఇంకోసారి కొట్టాడు. తెర వెనక నుంచి మాటేమీ రాలేదు. అప్పుడు బొటనవేలు లక్కలో అద్ది ముద్ర వేశాడు. ఆయన జన్మలో వేసిన అబద్ధపు ముద్ర అదొక్కటే. పదోరోజున జైనబ్ వెళ్ళిపోయింది.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. పిల్లలు లేరు. గుడ్డ ఇప్పుడు బజారులో దర్జీ కుడుతున్నాడు, కుట్టు సరిగానే ఉంటుంది, తప్పు పట్టడానికి లేదు. వడ్రంగులు పెట్టెలు తెస్తూనే ఉన్నారు. మేస్త్రీ నాలుగు మూలలా కొట్టి తెరవైపు చూస్తాడు. ఆ తెర ఆయన తీసెయ్యలేదు. అవతల దాచుకోవాల్సిన మనిషే లేనప్పుడు తెర దేనికని పక్కింటివాళ్ళు అడిగితే, దుమ్ము రాకుండా అని చెప్పాడు. ఒంటరితనం అంత పాడుది ఇంకొకటి లేదు. మనిషి చేత చిన్నచిన్న అబద్ధాలు ఆడిస్తుంది.

పందొమ్మిదివందల ముప్ఫై తొమ్మిది శ్రావణమాసంలో కోదండరామయ్య గొడుగు దులుపుకుంటూ వసారాలోకి వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. కొల్లేటి అంచున బంగార్రాజుగారి ఇంటి పెట్టె గురించి మూడుసార్లు ఫిర్యాదు వచ్చిందట. రాజుల ఇల్లు గనక ఆడవాళ్ళకి ఘోషా. రేడియో సెట్టు మగవాళ్ళ హాల్లో ఉంటుంది, లోపల ఆడవాళ్ళ గదిలో ఈ లౌడ్‌స్పీకర్ పెట్టె, మధ్యలో తీగ. బంగార్రాజుగారి వదిన మంగాయమ్మగారని, భర్త పోయి మూడేళ్ళైంది, ఆవిడ గదిలో పెట్టించారు. పాటలో జీర వస్తోందని ఆవిడ అంటుంది. హాల్లోకి తెచ్చి మోగిస్తే ఏ జీరా ఉండదు. లోపల పెడితే మళ్ళీ ఉందంటుంది. మూడుసార్లూ ఇదే తంతు.

"మీరొకసారి వచ్చి పెట్టెలో లోపం లేదని ఒక్క మాట చెప్పండి బాషాగారూ, చాలు. మీ ముద్ర ఉన్న పెట్టే అది. నేరేడు రంగు గుడ్డ," అన్నాడు కోదండరామయ్య.

 లోపం ఎక్కడుందో మేస్త్రీకి వెళ్ళకుండానే తెలుసు. లోపం ఉందని చెబితే ఆ గుడ్డ విప్పాలి. జైనబ్ చేతి పని అని లోకంలో మిగిలిన ఆఖరి వస్తువు అది, ఎక్కడో నీళ్ళ అవతల, ఆయన చూడలేని గదిలో ఉన్నా సరే, ఉంది. లేదని చెబితే అలాగే ఉంటుంది. ఒక్క మాటేగా అనుకుని సంచీలో స్పిరిట్ సీసా, లక్క, సూది దారం, అలవాటు కొద్దీ ఒక కొత్త గుడ్డ ముక్క పెట్టుకుని బయలుదేరాడు.

గూడెం దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన పడవ. కొల్లేరు ఆ ఏడు పొంగి చేలమీదికి వచ్చేసింది. వరి ఎక్కడ ముగిసిందో, సరస్సు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. పడవలో కోదండరామయ్య దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. మేస్త్రీ ఊ కొడుతూ ఒక్క మాటనే లోపల్లోపల అనుకుంటూ పోయాడు. పెట్టెలో లోపం లేదండి. పెట్టెలో లోపం లేదండి. ఎన్నిసార్లు అనుకున్నా నోటికి అలవాటు కాలేదు.

మిట్ట మీద కట్టిన పెద్ద ఇల్లు. ముందు విశాలమైన హాలు, పడమటి ఎండ పడే కిటికీలు. దాని వెనక గుమ్మానికి మందపాటి తెర, తెర అవతల నడవ, ఆపైన మంగాయమ్మగారి గది. ఆ గది గోడకి ఆనుకునే నీళ్ళగది ఉందిట, గోడంతా చెమ్మ అని ఇంట్లో పాతకాలపు పనిమనిషి దానమ్మ చెప్పింది. తెరకి ఇవతలకీ అవతలకీ తిరిగే అధికారం ఆ ఇంట్లో ఆవిడకే ఉంది. మాటలు మోసుకెళ్ళి మోసుకెళ్ళి దానమ్మకి సగం మాటలు ముందే తెలిసిపోయేవి.

సాయంత్రం మద్రాసు స్టేషన్‌లో కచేరీ మొదలయ్యేసరికి పెట్టెను హాల్లోకి తెప్పించారు. వీణ, వెనకాల మృదంగం. మృదంగం ఎడమ మూత మోగినప్పుడే జీర రావాలి, వస్తే. రాలేదు. శుభ్రంగా ఉంది. కోదండరామయ్య చేతులు రుద్దుకున్నాడు. బంగార్రాజు మాత్రం సంతోషించలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు, నలభై ఏళ్ళ మనిషి, వదినగారిని చూసి నిజంగానే దిగులుపడుతున్నాడు.

"విన్నారుగా సాయిబుగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "పెట్టెకేం రోగం లేదు. మా వదినగారికే చెవుల్లో హోరు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ గదిలోంచి ఇవతలకి రారు, ఎవరితోనూ పలకరు, ఆ పెట్టె దగ్గరే కూర్చుంటారు. లేని చప్పుళ్ళు వినబడుతున్నాయంటే ముందు ఆ పాటలు మాన్పించమన్నాడు వైద్యుడు. పెట్టె బాగానే ఉందని మీరొక్క మాటంటే ఇవాళే ఆ తీగ తీయించేస్తాను."

మేస్త్రీ నోరు తెరిచాడు. మాట నాలిక చివర ఉంది. అది బయటికి వస్తే జైనబ్ కుట్లు పదిలం. తెర అవతల మనిషికి మటుకు పిచ్చి ముద్ర పడుతుంది, ఉన్న ఒక్క పెట్టే పోతుంది. అది కూడా ఆయన ముద్రే అవుతుంది. ఇంతలో తెర కదిలి దానమ్మ తల బయటపెట్టింది.

"ఇంకోసారి వినమంటున్నారండీ అమ్మగారు," అంది.

ఇంకోసారి. పద్నాలుగు నెలలుగా ఏ తెర వెనక నుంచీ ఆ మాట ఆయన చెవిన పడలేదు. మేస్త్రీ తెరిచిన నోరు మూసుకున్నాడు. పెట్టె ఎక్కడ ఉంటుందో అక్కడే దాన్ని చూడాలండి రాజుగారూ అన్నాడు. సంతలో ఎద్దును చూస్తే చాలదు, దొడ్లో కట్టిన ఎద్దును చూడాలి. అయితే ఆయన లోపలికి వెళ్ళడం కుదరదు, అది ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. అమ్మగారి చేతులే తన చేతులనుకుని చూస్తానన్నాడు. బంగార్రాజు అదేం చోద్యమన్నట్టు చూశాడు గానీ కాదనలేదు.

పెట్టె లోపలికి వెళ్ళింది. మేస్త్రీ తెరకి నాలుగడుగుల దూరంలో చాప మీద కూర్చుని, వీపు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. వెనక చెక్క లోపలి అంచు మీద వేలు రాయించమన్నాడు. దానమ్మ వెళ్ళింది, వచ్చింది. నున్నగా ఉందిట. అడుగు చూడమన్నాడు. బల్లకి నాలుగు వైపులా ఆనుతోందిట. మూలల్లో గోరు దూర్చమన్నాడు. దూరడం లేదట. అప్పుడు వేలి కణుపుతో నాలుగు మూలలా కొట్టమన్నాడు. అవతల నుంచి టక్కు టక్కుమని మెల్లగా నాలుగు దెబ్బలు వినిపించాయి. ఎవరో కొడుతున్నారు, తను వింటున్నాడు. తనెప్పుడూ కూర్చోని వైపు కూర్చున్నాడు.

"మూడోది ఇంకోసారి," అన్నాడు తనకి తెలియకుండానే.

మూడో దెబ్బ మళ్ళీ వినిపించింది. బాగానే పలికింది. పాట మోగుతుండగా పెట్టె నెత్తిన అరచెయ్యి ఆనించమన్నాడు. చెక్క నిమ్మళంగానే ఉందిట, జీర మాత్రం ఉందిట. ఆ జీర పెట్టె దగ్గర కూర్చున్నవాళ్ళకి వినబడుతుందే తప్ప తెర దాకా రావడం లేదు. బంగార్రాజు నిట్టూర్చాడు. ఇక చూడాల్సింది ఏమైనా ఉందా అని కోదండరామయ్య అడిగాడు. మేస్త్రీ తల వంచుకుని చాప పోగులు చూస్తూ, చూడాల్సినవి అయిపోయాయండి అన్నాడు. ఒకటి తప్ప అన్నీ చెప్పాడు. ఆ ఒక్కటీ చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

అప్పుడు తెర వెనక నుంచి ఒక కొత్త గొంతు వినబడింది. మాట్లాడక మాట్లాడక బొంగురుపోయిన గొంతు.

"మేస్త్రీగారూ, అన్నీ చెప్పారు. గుడ్డ సంగతి చెప్పలేదు."

 మంగాయమ్మగారు పరాయి మగవాడితో మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదలు. బంగార్రాజు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"కుడివైపు మధ్యలో వేలు ఆనిస్తే జీర ఆగిపోతుందండి. రోజూ అలా ఆనించుకునే వింటున్నాను. ఉందా లేదా అని అందరూ అడిగారు గానీ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. ఎడమవైపు నలభై రెండు కుట్లున్నాయి. కుడివైపు పదహారే. కుట్టినావిడకి అప్పుడు ఒంట్లో బాగాలేదాండీ?"

మేస్త్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జైనబ్ పోయాక ఆవిడ ఒంట్లో ఎలా ఉండేదని అడిగిన మనిషి ఈవిడే. అదీ మొహం చూడకుండా, కుట్లు చూసి అడిగింది.

"బాగాలేదమ్మా," అన్నాడు. "జ్వరంలో కుట్టింది. నా ఇంటావిడ. ఇప్పుడు లేదు."

బంగార్రాజువైపు తిరిగాడు. "లోపం పెట్టెలోనే ఉందండీ. అమ్మగారి చెవికేమీ లేదు. నాకా రోజే తెలుసు, తెలిసే ముద్ర వేశాను."

ఇక చెప్పడం మొదలుపెట్టాక మిగతాదీ చెప్పేశాడు. హాల్లో ఎండ పడుతుంది గనక చట్రం బిగుసుకుని ఊరుకుంటుంది. లోపల చెమ్మ గోడ పక్కన పెట్టేసరికి దారం నాని వదులవుతుంది. కుట్లు దూరదూరంగా ఉన్న వైపు పేము బద్ద చెక్కకి తగిలి గోల చేస్తుంది. మీరు ఎన్నిసార్లు హాల్లోకి తెచ్చి చూస్తే అన్నిసార్లు బాగానే ఉంటుందండి అన్నాడు. పెట్టె బయటికి తెప్పించి, వెనక చెక్క విప్పి, పాత పీలికను స్పిరిట్‌లో తడిపి తన బొటనవేలి ముద్రను తనే తుడిచేశాడు. కోదండరామయ్య మొహం మాడిపోయింది. బంగార్రాజు మాత్రం తెరవైపే చూస్తూ ఉండిపోయాడు. ఆర్నెల్లుగా వదినగారి మాట ఆయన నమ్మలేదు.

గుడ్డ విప్పెయ్యాలని మేస్త్రీ చట్రం బయటికి తీశాడు. తీశాడే గానీ చెయ్యి ఆడలేదు. లోపల నుంచి దానమ్మ వచ్చి, అంతా విప్పొద్దని అమ్మగారు అంటున్నారంది. కుడివైపు పదహారు కుట్లూ విప్పి ఆవిడే మళ్ళీ కుడతారట, మిగతా మూడు వైపులా అలాగే ఉంచుతారట. మేస్త్రీ ప్రాణం లేచొచ్చింది. అంతలా సంతోషించినందుకు తరవాత సిగ్గుపడ్డాడు గానీ, అప్పుడు మాత్రం చట్రమూ సూదీ మైనం రాసిన దారమూ గబగబా అందించేశాడు. కచేరీ ఇంకా నడుస్తూనే ఉంది. కాసేపటికి చట్రం తిరిగొచ్చింది. కుడివైపు నలభై రెండు కుట్లు, చెయ్యి తిరిగిన కుట్టు. బిగించి లోపలికి పంపాడు. అందరూ చెవులు రిక్కించి కూర్చున్నారు.

"బావుందండీ," అంది మంగాయమ్మ తెర వెనక నుంచి.

కోదండరామయ్య గొడుగు అందుకున్నాడు. మేస్త్రీ కదల్లేదు. ఆ మాట ఆయన ఎరుగును. అదే మాట, అదే మెత్తదనం, అదే తొందర. మంచం పక్కన నిలబడి తను అన్నప్పుడు తన గొంతూ అలాగే ఉంది.

 వెనక చెక్క పళ్ళెంలో పెట్టి, పక్కన చిన్న గిన్నెలో లక్క పోసి దానమ్మ చేతికిచ్చాడు. ఇక ఈ పెట్టెకి నా ముద్ర చెల్లదు, అమ్మగారి ముద్ర కావాలి అన్నాడు. జీర లేకపోతే బొటనవేలు వెయ్యమను, ఉంటే వెయ్యొద్దను, నాకు కష్టం కలుగుతుందని మాత్రం చూడొద్దను.

దానమ్మ లోపలికి వెళ్ళింది. వీణ ఆగి మృదంగం ఒక్కటీ వాయిస్తున్నారు. అదీ అయిపోయింది. పళ్ళెం బయటికి వచ్చింది. చెక్క మీద ముద్ర లేదు.

"వెయ్యనన్నారండీ," అంది దానమ్మ నేలచూపులు చూస్తూ. "రవ్వంత ఉందట. గుడ్డే ఆ పక్కకి సాగిపోయిందట, ఇక ఎంత కుట్టినా బిగువు రాదట. మీరు బాధపడతారని బావుందన్నారట."

మేస్త్రీ సరేనన్నట్టు తలాడించాడు. చట్రం ఒళ్ళో పెట్టుకుని, సూది మొనతో పైనుంచి ఒక్కో కుట్టూ విప్పడం మొదలుపెట్టాడు. కత్తి పెట్టి కోసేస్తే రెండు నిమిషాల పని. కొయ్యలేదు. పై వైపు, ఎడమవైపు, కింది వైపు, జైనబ్ కుట్టిన నూట ఇరవై ఆరు కుట్లూ విప్పాడు. బంగార్రాజు దీపం తెప్పించి దగ్గర పెట్టి, తనూ అక్కడే కూర్చున్నాడు. 

మర్నాడు సంచీలోని కొత్త గుడ్డను మంగాయమ్మ నాలుగు వైపులా కుట్టింది. సాయంత్రం కచేరీ సగంలో ఉండగానే పళ్ళెం బయటికి వచ్చింది. చెక్క మీద ఎర్రటి లక్కలో చిన్న బొటనవేలు, గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. మేస్త్రీ దాన్ని దీపం దగ్గర పెట్టి చూశాడు, ఆరేదాకా ఆగి, పెట్టెకి తనే బిగించాడు. పెట్టె తెర అవతలికి వెళ్ళిపోయింది. ఆ పెట్టెను గానీ, దాన్ని విన్న మనిషిని గానీ ఆయన మళ్ళీ చూసేది లేదు. ఆ మాటకొస్తే ఆ మనిషిని మొదటా చూడలేదు. వాళ్ళు బయలుదేరేటప్పుడు బంగార్రాజు గుమ్మం పైన ఊడిన రేడియో తీగ మేకును తనే సుత్తితో కొడుతున్నాడు.

పడవలో కోదండరామయ్య ఈసారి అటు తిరిగి కూర్చున్నాడు. మేస్త్రీ నేరేడు రంగు గుడ్డను తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. నీళ్ళ మధ్యకి వచ్చాక ఒక సంగతి ఆయనకి తట్టింది. ఇన్నాళ్ళూ ఎలా తట్టలేదో! తెర వెనక కూర్చుని మూడో మూలకీ నాలుగో మూలకీ తేడా చెప్పగల మనిషికి, ఆ రోజు తను కుడివైపు కొట్టకుండా ఎడమవైపే రెండోసారి కొట్టిన సంగతి తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. తెలిసీ ఇంకోసారి అనలేదు. మొగుడి అబద్ధాన్ని విని ఊరుకుంది. బాగాలేదని తను చెప్పి ఉంటే, ఇటివ్వండి విప్పేస్తాను అనేది, అంత జ్వరంలోనూ తిట్టుకుంటూ మళ్ళీ కుట్టేది. నలభై రెండూ కుట్టి తృప్తిగా పోయేది. తను అడ్డుపడ్డాడు. మేస్త్రీ మొహం కొల్లేటివైపు తిప్పుకుని ఏడ్చాడు.

ఏలూరు వచ్చేసరికి పొద్దెక్కింది. ఇంటి తాళం తీస్తే వసారాలో వెళ్ళేముందు పెదపాడు వడ్రంగి దించిపోయిన కొత్త పెట్టె ఎదురు చూస్తోంది. మేస్త్రీ కాళ్ళు కడుక్కుని, గుడ్డ తీసి ఒళ్ళో పరుచుకున్నాడు. కుట్లు పోయినా సూది పడ్డ బెజ్జాలు అలాగే ఉన్నాయి. కుడివైపు అంచున మంగాయమ్మగారివి కొత్త బెజ్జాలు నలభై రెండు, వాటి మధ్యన పెద్దవిగా సాగిపోయిన పాతవి పదహారు.

"కుడివైపు బాగా రాలేదు జైనబ్," అన్నాడు తెరవైపు చూసి. పద్నాలుగు నెలల కిందట అనాల్సిన మాట.

తరవాత లేచి, పెదపాడు పెట్టెను గోడవైపు తిప్పి, వీపు చూశాడు. అడుగు చూశాడు. మూలల్లో గోరు దూర్చి చూశాడు. వేలి కణుపుతో నాలుగు మూలలా నాలుగు దెబ్బలు కొట్టి, ఆగాడు. తెర వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు. మూడోది ఆయనే ఇంకోసారి కొట్టాడు.